మధుసూదన్ దత్ కథను తారీఖుల ప్రకారం చెప్పాలి

సంపాదకులకు,

బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ ప్రస్తావన వస్తే చాలు, సాహిత్య పేజీల్లో ఒకే కథ నడుస్తోంది: కుర్రతనంలో ఇంగ్లండ్ మీద మోజుపడ్డాడు, వెళ్లి చెడ్డాడు, బుద్ధి తెచ్చుకుని బెంగాలీలో రాశాడు. పిల్లలకు నీతి చెప్పడానికి బాగుంటుంది గానీ తారీఖులే ఒప్పుకోవు.

ఆల్బియన్ (ఇంగ్లండ్ పాత పేరు) తీరం కోసం నిట్టూర్చే ఆయన ఆంగ్ల పద్యం 1841 నాటిది. అప్పుడాయన కలకత్తా హిందూ కాలేజీ విద్యార్థి, వయసు 17. అక్కడ నాకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు, అయినా వెళ్లాలంటాడు. 1843లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఇంగ్లండ్ ఓడ ఎక్కింది మాత్రం 1862లో! బెంగాలీలో రాసిన 'మేఘనాదవధ కావ్యం' అప్పటికే, 1861లో, అచ్చయిపోయింది.

మనకు దగ్గరి ఘట్టం ఒకటి మధ్యలో ఉంది. 1848 నుంచి 1856 దాకా ఆయన మద్రాసులో ఉన్నాడు. ఆయన ఆంగ్ల కావ్యం 'కాప్టివ్ లేడీ' 1849లో అక్కడే అచ్చయింది. దాన్ని చూశాకే, బెంగాలీలో రాస్తే మేలని కలకత్తాలోని ఆంగ్ల విద్యావేత్త బెథూన్ సలహా పంపాడు. అదే ఏడాది మధుసూదన్ తన మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పాడు: పొద్దున హీబ్రూ, తర్వాత బడి, గ్రీకు, 2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం, ఆపైన లాటిన్, రాత్రి 10 దాకా ఆంగ్లం. ఇదంతా తాతతండ్రుల భాషను అలంకరించడానికే కదా అనీ అడుగుతాడు.

మోజు వల్ల దక్కిందేమిటో ఛందస్సులో కనిపిస్తుంది. బెంగాలీ సంప్రదాయ ఛందస్సు పయార్‌లో పాదానికి 14 అక్షరాలు, 8 దగ్గర విరుపు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. భావం పాదం చివర ఆగాలి. ఆంగ్లంలో ప్రాస లేని కావ్యం రాసిన మిల్టన్‌ను ఒంటబట్టించుకున్న మధుసూదన్ 14 లెక్కను ఉంచి, ప్రాస తీసేసి, వాక్యాన్ని పాదం దాటించాడు. "సమ్ముఖ సమరే పడి, వీర చూడామణి" అనే మొదటి పాదాన్ని తెలుగు లిపిలోనే లెక్కపెట్టండి: 8, 6. రావణుడి కొడుకు వీరబాహు అకాలమరణం గురించి అక్కడ ఎత్తుకున్న మాట మూడో పాదం మూడో అక్షరం దగ్గర గానీ ఆగదు.

మన పాఠకులు తడబడేది ఇక్కడే. గురులఘువులు వెతుకుతారు, పయార్‌లో ఆ పని లేదు, సంయుక్తాక్షరమైనా ఒకటే లెక్క. పైగా తెలుగు వృత్తాల్లో వాక్యం పాదం దాటడం మామూలే, తేటగీతికి ప్రాస నియమమే లేదు. అందుకని ఆయన చేసిన తెగింపు మన చెవికి ఆనదు. అనువాదం వేసేటప్పుడు పక్కన నాలుగు మూలపాదాలు తెలుగు లిపిలో ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇంగ్లండ్ వెళ్లాక మలుపు తిరిగిన కథ నిజానికి సరోజినీ నాయుడిది. 1895లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఆమెకు, పద్యాల్లోంచి ఇంగ్లిష్ పిట్టలను తీసేసి సొంత దేశాన్ని రాయమని చెప్పింది ఆంగ్ల విమర్శకుడు ఎడ్మండ్ గాస్. ఆమె వస్తువు మార్చింది, భాష మార్చలేదు.

ఈసారి మధుసూదన్ గురించి వేస్తే 1841 పద్యాన్నీ, ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఉండగా తన ఊరి కపోతాక్ష నది మీద రాసిన పద్నాలుగు పాదాల సానెట్‌నూ పక్కపక్కన, ఏళ్లతో సహా అచ్చువేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు