అధ్యక్ష పీఠం దిగి న్యాయపీఠం ఎక్కిన టాఫ్ట్

మాన్యులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

తొమ్మిదో తరగతిలో న్యాయవ్యవస్థ గురించి పాఠం జరుగుతుండగా, దేశాధ్యక్షుడిగా పనిచేసినవారు ఆ తరువాత జడ్జి కావచ్చునా అని పిల్లలు అడిగారు. అమెరికా చరిత్రలో అధ్యక్ష పదవిని, ప్రధాన న్యాయమూర్తి పదవిని రెండింటినీ నిర్వహించిన వ్యక్తి విలియం హోవర్డ్ టాఫ్ట్ ఒక్కరే. ఈ నెల మా గోడపత్రిక అంతా ఆయన గురించే.

1857లో సిన్సినాటిలో పుట్టిన టాఫ్ట్ ముప్పయ్యేళ్లు నిండకముందే ఒహాయోలో జడ్జి అయ్యారు. ఆయన మనసు మొదటినుంచీ సుప్రీంకోర్టు మీదే ఉన్నా, భార్య నెల్లీ మాత్రం ఆయనను అధ్యక్షుడిగా చూడాలనుకున్నారు. అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సుప్రీంకోర్టు పదవి ఇవ్వజూపినప్పుడు, అమెరికా పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌కు గవర్నర్‌గా తన పని పూర్తి కాలేదంటూ ఆయన కాదన్నారు. 1909లో అధ్యక్షుడయ్యారు కానీ, 1912 ఎన్నికల్లో తన పార్టీకే చెందిన రూజ్‌వెల్ట్ ఎదురు నిలవడంతో పార్టీ ఓట్లు చీలి, యూటా, వెర్మాంట్ రాష్ట్రాల 8 ఎలక్టోరల్ ఓట్లతో (అధ్యక్షుణ్ణి ఎన్నుకునేందుకు రాష్ట్రాలవారీగా ఉండే ఓట్లు) మూడో స్థానంలో మిగిలారు.

పిల్లలను ఎక్కువగా ఆకట్టుకున్నది 1910 నాటి సంగతి. ప్రధాన న్యాయమూర్తి పదవి ఖాళీ అయితే, తాను ఎంతగానో కోరుకున్న ఆ పీఠానికి మరొకరిని నియమించవలసిన పని టాఫ్ట్‌దే అయింది. ఆయన ఎంచుకున్న ఎడ్వర్డ్ వైట్‌కు అప్పటికే 65 ఏళ్లు. వయసు చూసే ఎంచుకున్నారని కొందరి అనుమానం, నాకూ అది కొట్టిపారేయదగినదిగా తోచదు! వైట్ 1921లో మరణించగా, అధ్యక్షుడు హార్డింగ్ ఆ స్థానంలో టాఫ్ట్‌నే నియమించారు.

నా దృష్టిలో ఆయన అసలు పని అక్కడే మొదలయింది. అప్పటిదాకా పెద్ద సంఖ్యలో అప్పీళ్లను విధిగా విచారించవలసి వచ్చి పెండింగు కేసులతో సతమతమవుతున్న సుప్రీంకోర్టుకు, ఏ కేసు వినాలో తానే ఎంచుకునే వీలును చాలావరకు కల్పించిన 1925 చట్టం కోసం ఆయన అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు సభ్యులను స్వయంగా ఒప్పించారు. ఆ చట్టసభ భవనంలోని పాత సెనేట్ (ఎగువ సభ) గదిలో కూర్చునే కోర్టుకు సొంత భవనం కూడా ఆయన పట్టుదల ఫలితమే, అయితే 1935లో అది పూర్తయ్యేనాటికి ఆయన లేరు. మన సుప్రీంకోర్టు కూడా 1958 వరకు మన పార్లమెంటు భవనంలోనే నడిచింది.

రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారిది దీనికి ఎదురు దారి: 1967లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఆ కాలపు పత్రికల కత్తిరింపులు మీ ఇళ్లలో ఉంటే పిల్లలతో పంపగలరు, గోడపత్రికలో ఆయనకు చోటు ఉంచాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు