షేరులో చిన్న భాగం కొనుక్కునే వీలు కల్పించండి

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారం.

రిటైరైనవాళ్లకి షేర్లెందుకు, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుకోవచ్చుగా అంటారు చాలామంది. మేం ముందు వేసేది అందులోనే. మూడు నెలలకోసారి వచ్చే వడ్డీయే మందులకీ కరెంటు బిల్లుకీ ఆధారం. కానీ ఆ వడ్డీ ఐదేళ్లూ ఒకటే, ధరలు అలా ఆగవు. అరవై ఏళ్లకి రిటైరైతే ఇంకా ఇరవై ఏళ్లు గడవాలి. అందుకే నెలకి వెయ్యో రెండు వేలో, పోయినా ఇబ్బంది పడనంత మాత్రమే, మంచి కంపెనీల్లో పెట్టాలనుకుంటాం.

2023 జూన్‌లో టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటింది. పేజ్ ఇండస్ట్రీస్, బాష్, శ్రీ సిమెంట్ షేర్లు కూడా పది వేలు దాటినవే. మన కంపెనీల చట్టం షేరులో భాగాన్ని ఒప్పుకోదు, కొంటే మొత్తం షేరు కొనాలి. పింఛనుదారు ఏడాదంతా కూడబెట్టి ఒక్క షేరు కొంటే, ఉన్న డబ్బంతా ఒకే కంపెనీలో ఇరుక్కుంటుంది. ఈ వయసులో అది మంచిది కాదు.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. షేరు ధర అంకె పెద్దదైనంత మాత్రాన కంపెనీ ఖరీదైనదని కాదు. దాని లాభాలతో పోల్చి చూస్తే ఐదు రూపాయల షేరే లక్ష రూపాయల షేరు కంటే ఖరీదైనది కావచ్చు. ఈ సంగతి తెలియని పెద్దవాళ్లు తమ వెయ్యికి వచ్చేవేవో చూసుకుని, వాట్సాప్‌లో ఎవరో చెప్పిన పెన్నీ స్టాకులు, అంటే కొద్ది రూపాయలకే దొరికే చిన్న కంపెనీల షేర్లు, వందలకొద్దీ కొంటున్నారు. మంచి కంపెనీ అందకుండా చేసి, చెడ్డదాన్ని చేతికి దగ్గరగా పెడుతున్నది ఈ నిబంధనే అని నా నమ్మకం.

మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, మంచివే. ఫండులో మన వాటాని యూనిట్ అంటారు, ఆ యూనిట్‌లో భాగాన్ని కూడా లెక్కగట్టి ఇస్తారు. నెలనెలా కొంత పెట్టే సిప్ కూడా రూ.250కే వచ్చింది. యూనిట్‌కి కుదిరింది షేరుకి ఎందుకు కుదరదు? విదేశాలకి డబ్బు పంపుకోగలిగిన భారతీయుడు అమెరికా షేరులో పదో వంతు కొనుక్కోగలడు. సొంత దేశపు కంపెనీలో మాత్రం కొనలేడు. ధర తగ్గేలా ఒక్కో షేరును కొన్ని షేర్లుగా విభజించమని కంపెనీనే అడగండి అనేవాళ్లూ ఉన్నారు. అది కంపెనీ ఇష్టం, బలవంతపెట్టలేం.

మీ శాఖ నియమించిన కంపెనీ లా కమిటీ 2022లోనే ఫ్రాక్షనల్ షేర్లను, అంటే షేరులో భాగాలను, డీమ్యాట్ (ఎలక్ట్రానిక్) రూపంలో అనుమతించమని సిఫారసు చేసింది. అయితే అది కంపెనీలు కొత్తగా జారీ చేసేవాటికే పరిమితం. మాకు కావలసింది ఇప్పటికే మార్కెట్లో ఉన్న షేర్లలో భాగం. ఒక ట్రస్టు మొత్తం షేరు కొని ఉంచి, మా పేరున భాగాలు రాసి, కంపెనీ లాభంలోంచి ఇచ్చే డివిడెండ్‌ని ఆ మేరకు పంచితే చాలు. ఓటు లేకపోయినా మాకు బాధ లేదు.

డివిడెండ్‌తో ఇల్లు గడుస్తుందని ఎవరికీ ఆశ పెట్టకూడదని కూడా కోరుతున్నాను. 2023-24కి ఎంఆర్ఎఫ్ ఇచ్చింది షేరుకి మొత్తం రూ.200. లక్ష దాటిన షేరు మీద అది ఏ మూలకి? కొనే ముందు ఈ లెక్కని తెలుగులో చూపించడం తప్పనిసరి చేయండి.

చార్జీల సంగతీ చూడాలి. డీమ్యాట్ నుంచి షేర్లు అమ్మినప్పుడల్లా బ్రోకర్లు పదిహేను, ఇరవై రూపాయలు తీసుకుంటున్నారు. లక్ష అమ్మేవారికి అది లెక్కలోకి రాదు. ఐదు వందలు అమ్మేవారికి మాత్రం నూటికి మూడు, నాలుగు రూపాయలు అక్కడే పోతాయి. భాగాల అమ్మకానికి ఈ చార్జీని శాతంలోకి మార్చేలా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీతో మాట్లాడండి. మేం పోయాక ఆ అర షేరో పావు షేరో నామినీకి కాగితాల తిరుగుడు లేకుండా చేరే పద్ధతిని కూడా నిబంధనల్లో మొదటి రోజే రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి