స్కాన్‌తో పాటు మత్తు లెక్క కూడా రాయించండి

కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ మంత్రి గారికి,
తిరుపతి నుంచి నమస్కారాలు.

అయ్యా,

నేను చిత్తూరు జిల్లా పల్లెల్లో చాలా ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆవులకూ కుక్కలకూ మత్తు ఇవ్వడం నాకు రోజువారీ పని. ఇప్పుడు ఎలుకల మీద పరిశోధన చేసే విద్యార్థులు పిలిస్తే, మత్తు చూసుకోవడానికి వెళ్తుంటాను. అక్కడ నా కళ్లతో చూసింది మీకు చెప్పాలి. జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్‌ఈఏ కమిటీ మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

మెదడు ఎలా పనిచేస్తోందో ఎమ్మారైలో చూడాలంటే ఎలుక కదలకుండా ఉండాలి. మనిషికైతే కాసేపు కదలకండి అని చెబితే సరిపోతుంది, ఎలుకకు చెప్పలేం. అందుకని మత్తు ఇస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. మనం చూడాలనుకున్నది మెదడు పనిని. మత్తుమందు మార్చేది కూడా దాన్నే.

పైగా ఆ స్కాన్‌కు నరకణాల మాటలు నేరుగా వినపడవు. అది చూసేది రక్తాన్ని. మెదడులో ఒక భాగం పనిలో పడితే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆక్సిజన్ మోతాదు మారుతుంది, ఆ తేడాను యంత్రం పడుతుంది. ల్యాబుల్లో బాగా వాడే, పీల్పించి ఇచ్చే ఐసోఫ్లూరేన్ అనే మత్తుమందు మెదడు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. చెరువు తూము ముందే పూర్తిగా ఎత్తేసి ఉంటే, పొలానికి నీళ్లు కావాలని ఎవరు అడిగినా కాలువలో కొత్తగా పారేదేముంటుంది? అలాగే మెదడు పనిచేసినా రక్తంలో తేడా సరిగా కనపడదు. చూసేవాళ్లు ఆ భాగం స్పందించలేదని రాసుకుంటారు.

మత్తు ఇంకా లోతుకు పోతే మరో ప్రమాదం ఉంది. మెదడంతా కాసేపు మూగబోయి, ఒక్కసారిగా మేల్కొన్నట్టు అయి, మళ్లీ మూగబోతుంది. స్కాన్‌లో చూస్తే దూరదూరంగా ఉన్న భాగాలు కూడా ఒకే తాళంలో నడుస్తున్నట్టు ఉంటుంది. వాటి మధ్య గట్టి సంబంధం ఉందని రాసేయడానికి అదే చాలు. కరెంటు పోయి వస్తే వీధిలో ఫ్యాన్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. అంతమాత్రాన ఆ ఇళ్ల మధ్య రాకపోకలు ఉన్నాయనుకుంటామా?

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1990లో జపాన్ శాస్త్రవేత్త సేజీ ఒగావా బృందం ఈ తరహా స్కాన్‌కు పునాది వేసింది ఎలుకల మీదే. మత్తుమందు మారితే, పీల్చే గాలి మారితే, రక్తంలో చక్కెర పడిపోతే బొమ్మ మారుతుందని వాళ్లు ఆనాడే రాశారు. ముప్పై ఏళ్లు దాటినా మనం ఆ మాటను పట్టించుకోకుండా స్కాన్లు తీస్తున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

పశువైద్యులకు ఇది అనుభవంలో తెలిసిన పాఠం. గుర్రానికి ఇచ్చే జైలజీన్ అనే మత్తుమందులో దాదాపు పదోవంతు ఇస్తే చాలు, ఆవు కూలబడిపోతుంది. అదే జైలజీన్‌ను కీటమిన్ అనే మరో మత్తుమందుతో కలిపి ఎలుకలకు ఇస్తారు. అది ఇన్సులిన్‌ను అణచి రక్తంలో చక్కెర పెంచుతుంది. మెదడు చక్కెరను ఎంత వాడుకుంటోందో చూసే పెట్ స్కాన్‌లో అప్పుడు ఏమవుతుంది? ఒంట్లో పెరిగిన మామూలు చక్కెర, స్కాన్‌లో కనపడేలా మనం ఎక్కించిన గుర్తు చక్కెరతో పోటీపడుతుంది. మెదడులోకి పోయేది తగ్గుతుంది. జబ్బు వల్ల తగ్గిందా, మత్తు వల్ల తగ్గిందా అన్నది బొమ్మ చూసి చెప్పలేం. ఇరవై ముప్పై గ్రాముల చిట్టెలుక మత్తులో పడితే నిమిషాల్లో చల్లబడిపోతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దాంతో మెదడుకు రక్తప్రవాహం మళ్లీ మారిపోతుంది.

నేను చూసిన ఒక ఘటన చెబుతాను. వేరే ఊరి ల్యాబులో ఒక విద్యార్థి ఇరవై నాలుగు ఎలుకలకు స్కాన్ చేయించాడు. తను పరీక్షిస్తున్న మందు ఇవ్వని పన్నెండింటికి ఉదయం, ఇచ్చిన పన్నెండింటికి మధ్యాహ్నం. మధ్యాహ్నం ఎలుకలు కదులుతున్నాయని మత్తు కాస్త పెంచారట. ఎంత పెంచారో ఎవరూ రాసుకోలేదు. ఒంటి వేడి రాయలేదు, ఊపిరి లెక్క రాయలేదు. రెండు గుంపుల మధ్య పెద్ద తేడా వచ్చింది. పిల్లాడు సంబరపడ్డాడు. ఆ తేడా మందుదా, మత్తుదా అని నేను అడిగితే జవాబు లేదు. అప్పటికే ఆ ఎలుకలన్నింటినీ చంపేశారు. రెండేళ్ల కష్టం అయ్యా, ఆ పిల్లాడి మొహం ఇంకా నా కళ్లముందు ఉంది. ఆ ఎలుకల్ని కూడా నేను మర్చిపోలేదు.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రయోగాల్లో జంతువుకు నొప్పి తెలియకుండా మత్తు ఇవ్వమంటుంది. అది చాలా మంచి మాట, దాన్ని సడలించమని నేను కలలో కూడా అడగను. నేను చూసిన దరఖాస్తుల్లో ఏ మత్తుమందు, ఎంత మోతాదు అని ముందుగా రాయించుకున్నారు. స్కాన్ జరిగిన రోజు నిజంగా ఏం జరిగిందో తర్వాత అడిగినవారు మాత్రం లేరు. నా విన్నపం అదే. మెదడు స్కాన్ చేసే ప్రతి ప్రయోగంలో, ప్రతి జంతువుకూ మత్తు పట్టిక ఉండేలా ఆదేశించండి. ఏ మందు, ఏ గంటకు, ఎంత శాతం, ఎప్పుడు పెంచారు, ఒంటి వేడి, ఊపిరి, గుండె వేగం, పెట్ స్కాన్ అయితే చక్కెర కూడా. ఆ పట్టిక సంస్థ ఎథిక్స్ కమిటీకి చేరాలి, ప్రచురించే వ్యాసంతో పాటు బయటికి రావాలి. పోల్చే రెండు గుంపులకూ ఒకే మత్తు, ఒకే లోతు ఉండాలి. వాటిని ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి అని విడదీయకుండా కలిపి స్కాన్ చేయాలి.

మత్తే వద్దు, మెలకువలోనే చేయండి అని కొందరంటారు. దానికి ఎలుకను రోజుల తరబడి అలవాటు చేయాలి. తల బిగించి, ఆ చప్పుడులో పెడితే దానికి వచ్చే టెన్షన్ కూడా మెదడును మార్చేస్తుంది. ఓపికగా నేర్పగల చోట చేయొచ్చు, హడావిడిగా వద్దు. ఎలుకల మెదడు స్కాన్‌కు ఒక ఉమ్మడి పద్ధతిని అనేక దేశాల ల్యాబులు కలిసి 2023లో ప్రచురించాయి. అందులో ఐసోఫ్లూరేన్‌ను తగ్గించి మెడెటోమిడిన్ అనే మరో మత్తుమందు తోడుగా ఇస్తారు. మన ల్యాబులు దాంతో మొదలుపెట్టవచ్చు.

దీనికి పెద్ద ఖర్చు లేదు. వేడి చాప, చిన్న మానిటర్, మత్తు చూడ్డం వచ్చిన ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనుషులను తయారుచేయడానికి మా తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థ ఉంది, మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మొదటి శిక్షణ ఇక్కడే పెట్టండి. నేను జీతం లేకుండా వచ్చి నేర్పుతాను.

పట్టిక ఎలా ఉండాలో ఒక నమూనా గీసి ఈ లేఖతో జతచేశాను. ఒక పేజీయే ఉంది, దయచేసి చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
తిరుపతి