మాక్స్‌వెల్ స్మార్ట్ గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "అరవై ఏళ్ల నాటి అమెరికా టీవీ కామెడీ, అందులో ఇంకా ఏముందిరా చూడ్డానికి?" అన్నావు. రెండు ముక్కల్లో తేలే విషయం కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇవాళ ఆదివారం, తీరిగ్గా రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని కూర్చో.

'గెట్ స్మార్ట్' 1965 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీ ఛానల్లో మొదలైంది. అప్పట్లో ఎక్కడ చూసినా గూఢచారులే. జేమ్స్ బాండ్ సినిమాలు ప్రపంచాన్ని ఊపేస్తున్నాయి. ఆ గాలి మనదాకా వచ్చే, 1966లో మన కృష్ణ 'గూఢచారి 116' అయ్యాడు. ఇంకోపక్క రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం, అణుబాంబు భయం. దేశాన్ని తెలివైనవాళ్లెవరో కాపాడుతున్నారన్న నమ్మకంతో జనం నిద్రపోయే కాలం అది. సరిగ్గా అప్పుడు మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ అనే ఇద్దరు హాస్య రచయితలు కలిసి, కాపాడాల్సినవాడే తలుపుకి ముక్కు గుద్దుకునే రకమైతే ఎలా ఉంటుందో రాశారు. ముందు ఏబీసీ ఛానల్ వాళ్లకి ఇస్తే వద్దన్నారు. ఎన్‌బీసీ తీసుకుంది, వాళ్ల దగ్గర అప్పటికే కాంట్రాక్టులో ఉన్న డాన్ ఆడమ్స్‌కి ఏజెంట్ 86 మాక్స్‌వెల్ స్మార్ట్ వేషం దక్కింది.

ఇక్కడే అసలు సంగతి ఉందిరా. మాక్స్‌వెల్ స్మార్ట్ తెలివితక్కువవాడని నవ్వితే ఆ నవ్వు నాలుగు ఎపిసోడ్లకి అయిపోవాలి. వాడికి తన మీద తనకున్న నమ్మకం ఉంది చూడు, దానికి తరుగు లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే మాక్స్, మిస్టర్ బిగ్ అనే విలన్ చేతికి పడవలో దొరికిపోతాడు. "ఈ క్షణాన ఏడు కోస్ట్ గార్డ్ పడవలు మనల్ని చుట్టుముడుతున్నాయి, నమ్ముతావా?" అంటాడు. నమ్మడం కష్టమే అంటాడు విలన్. "పోనీ, ఆరు?" ఉహూ. "పోనీ, తెడ్డు పడవలో ఇద్దరు పోలీసులు?" రైతుబజార్లో బేరంలా దిగొస్తూనే ఉంటాడు. కానీ మొహం చూడు! ఏడు పడవలు అన్నప్పుడు ఎంత ధీమాగా ఉన్నాడో, ఇద్దరు పోలీసుల దగ్గరా అంతే ధీమా. కనురెప్ప కూడా కొట్టుకోదు. ఆడమ్స్ రెండో ప్రపంచయుద్ధంలో మెరైన్ సైనికుడు, పసిఫిక్‌లోని గ్వాడల్‌కనాల్ దీవిలో పోరాడి, జబ్బుపడి బతికి బయటపడి, తర్వాత కొత్త సైనికులకి డ్రిల్ నేర్పినవాడు. మాటని టక్కున తుంచినట్టు పలికే ఆ గొంతులో అధికారం ఉంది, అందుకే పొరపాటు మాట కూడా ఆర్డర్ వేసినట్టు వినపడుతుంది. 1967, 68, 69 వరుసగా మూడేళ్లు టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు ఊరికే రాలేదు.

ఇక యంత్రాలు. బాండ్ చేతిలో యంత్రం ఎప్పుడూ మొరాయించదు. మాక్స్ పనిచేసే గూఢచారి సంస్థ ఆఫీసులో 'కోన్ ఆఫ్ సైలెన్స్' అని ఒకటుంది. రహస్యం మాట్లాడుకోవాలంటే పైనుంచి రెండు ప్లాస్టిక్ బుడగలు దిగి ఇద్దరి తలల్నీ కప్పేస్తాయి. లోపలున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు! "ఏంటీ?" అని అరుచుకుంటారు. అది పనిచెయ్యదని మాక్స్ పై అధికారి చీఫ్‌కి తెలుసు, దించకుండా ఉంటే బాగుండునని ఉంటుంది. మాక్స్ మాత్రం రూలు రూలే అంటాడు. చీఫ్‌గా వేసిన ఎడ్వర్డ్ ప్లాట్, బుడగ దిగుతుంటే ఒక్కసారి కళ్లు మూసుకుని తెరుస్తాడు చూడు, ఆ ఒక్క క్షణంలో ఆయన సర్వీసంతా కనిపిస్తుంది నాకు. మన వీడియో మీటింగుల్లో "హలో, నా వాయిస్ వస్తోందా?" అని పదిమందీ ఒకేసారి అడిగినప్పుడల్లా ఆ బుడగే గుర్తొస్తుంది. ఇక బూటు ఫోన్ సంగతి నీకు తెలిసిందే. సంగీత కచేరీ నడుస్తుంటే హాలు మధ్యలో మాక్స్ బూటు ట్రింగుమంటుంది. 1965లో అది జరగని పని కాబట్టి నవ్వారు, మనం రోజూ జరిగేది కాబట్టి నవ్వుతున్నాం.

అయితే నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసింది మాక్స్‌తో కలిసి పనిచేసే ఏజెంట్ 99. ఆ అమ్మాయికి పేరుండదు, చివరిదాకా చెప్పరు. ఆ పాత్ర వేసిన బార్బరా ఫెల్డన్ 1957లో ఒక టీవీ క్విజ్‌లో షేక్‌స్పియర్ మీద ప్రశ్నలకి జవాబులు చెప్పి 64,000 డాలర్లు గెలిచిన మనిషి. ఆ తెలివి కళ్లలో కనిపిస్తుంది. దారి కనిపెట్టేది తను, కేసు విడిపోయేది చాలాసార్లు తన వల్ల. మాక్స్ ఆ ఆలోచన తనదే అన్నట్టు చెప్పేస్తే వాడివంక ఇష్టంగా చూస్తుంది. ఆ చూపులో వెటకారం వెతికినా దొరకదు. తెలివైన మనిషి అంత ప్రేమగా చూస్తోందంటే వీడిలో ఏదో ఉండే ఉంటుంది అని మనకీ అనిపిస్తుంది. ఉంది కూడా. ప్రాణం మీదికొస్తే ముందు అడుగు వేసేది మాక్సే. పిరికితనం వాడి ఒంట్లో లేదు.

హైమీ అని ఒక రోబో వస్తాడు, డిక్ గాటియర్ వేశాడు. శత్రువులైన కేయాస్ వాళ్లు తయారుచేసి పంపినవాడు. కాస్త చెయ్యి ఇవ్వవోయ్ అంటే సొంత చెయ్యి ఊడదీసి ఇవ్వబోయే రకం. వాణ్ణి మొదటిసారి మనిషిలా చూసింది మాక్స్, అందుకే ఆ రోబో ఇటు తిరుగుతాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా గొంతు పట్టేస్తుందిరా అక్కడ.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆసియా విలన్ల యాసని వెక్కిరించే ఎపిసోడ్లు ఇప్పుడు చూస్తే కష్టంగా ఉంటాయి. 1968లో మాక్స్‌కీ 99కీ పెళ్లి చేశారు, అది నాకిష్టమే. కానీ చివరి ఏడాది సీబీఎస్ ఛానల్‌కి మారాక, కవలలు పుట్టాక, ఊపు తగ్గింది. మొత్తం 138 ఎపిసోడ్లతో 1970లో ఆపేశారు. 2008లో స్టీవ్ కారెల్‌తో సినిమా తీశారు గానీ, అందులో మాక్స్‌ని నిజంగానే పనిమంతుణ్ణి చేసేశారు. నాకు రుచించలేదు.

నువ్వు మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టు. నలుపు తెలుపులో తీసింది అదొక్కటే, చూసి ఆపెయ్యకు, రెండోదాన్నుంచి రంగులే. తర్వాత హైమీ వచ్చేది చూడు. పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకో, బుడగలు దిగేటప్పుడు వివరించక్కర్లేదు, తనే నవ్వుతుంది. చూశాక ఆ కేయాస్ విలన్ సీగ్‌ఫ్రీడ్ ఎలా అనిపించాడో రాయి, వాడి మీద నాకు ఇంకో ఉత్తరానికి సరిపడా మాటలున్నాయి. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి