చర్చి మరమ్మతుల్లో ఆల్టర్ కొలతలు తప్పుతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్ దగ్గర పడితే ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లోని పాత చర్చిల్లో మరమ్మతులు మొదలవుతాయి. రంగులు, సున్నాలతో ఆగితే బాధ లేదు. ఆల్టర్, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం గిన్నె పెట్టే బలిపీఠం ఉన్న జాగాను ఫంక్షన్ హాల్ స్టేజీలా మార్చేస్తున్నారు.

అందరికీ కనబడాలని దాని కింద నాలుగడుగుల ఎత్తు గద్దె కట్టిస్తున్నారు. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. మన ఊళ్ల చర్చిల్లో చాలామంది చాపల మీదే కూర్చుంటారు. కింద కూర్చున్న మనిషి కంటి ఎత్తు సుమారు రెండున్నర అడుగులు. బలిపీఠమే మూడడుగుల పైచిలుకు ఉంటుంది కాబట్టి, గద్దెతో కలిపితే దాని పైభాగం ఏడడుగులు దాటుతుంది. ముందు వరుసల వాళ్లకు రొట్టె, గిన్నె కనబడవు, మెడలు పట్టేయడం ఒక్కటే మిగులుతుంది. ఆరంగుళాల మెట్లు మూడు చాలు. మెట్టు వెడల్పు అడుగుకు తగ్గొద్దు. ఫాదర్ గారు గానీ అయ్యగారు గానీ నిలబడే వైపు పైమెట్టు మీద నాలుగడుగుల జాగా వదలాలి. లేకుంటే మోకరించి లేస్తూ అడుగు వెనక్కి వేసినప్పుడు మెట్టు తప్పుతారు.

గోడకు ఆనుకున్న బలిపీఠాలను చుట్టూ తిరగగలిగేలా ముందుకు జరపడం క్యాథలిక్ చర్చిల్లో 1964 నాటి రోమ్ సూచనల తర్వాత ఊపందుకుంది. ఇప్పుడు ఆ వెనక సందులో ఇన్వర్టర్లు, స్పీకర్ డబ్బాలు!

జనం మోకరించి సంస్కారం (ఆ రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే చోట కొత్తగా బిగించే స్టీలు రైలింగులు మూడడుగులు ఉంటున్నాయి. 1636లో ఇంగ్లండులోని నార్విచ్ బిషప్ కూడా గజం ఎత్తే పెట్టమన్నాడు, అదీ కుక్కలు దూరకుండా కమ్మీలు దగ్గర దగ్గరగా ఉండాలని. అది కుక్కల లెక్క. మోకరించిన మనిషి చేతులు ఆనడానికి, మోకాలు పెట్టే చోటి నుంచి రెండుంపావు అడుగులు సరిపోతుంది.

కరీంనగర్ గ్రానైట్ మంచి రాయే, కానీ మెట్లకు అద్దంలా పాలిష్ పట్టించొద్దు. కొవ్వొత్తి మైనం ఒక్క చుక్క పడ్డా కాలు జారుతుంది. గరుకు రాయి వేసి, అంచుకు వేరే రంగు పట్టీ పెడితే ముసలివాళ్లకు మెట్టు తెలుస్తుంది.

ఆల్టర్ వెనక సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు, లప్పం పట్టిస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకు ఉప్పు పూసి రంగు పొక్కులు లేస్తుంది. దాన్ని కప్పడానికి చెక్క ప్యానెల్ కొడతారు, ఆ చెమ్మకు చెద పడుతుంది. సిమెంటు గీకేసి, బయట వాన నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీసి, మళ్లీ సున్నమే పట్టించాలి.

ఇక ఆల్టర్ వెనక పెట్టే ఎల్ఈడీ తెరలు. మెదక్ క్యాథెడ్రల్‌లో ఆల్టర్ వెనక ఉన్న, క్రీస్తు పరలోకానికి ఆరోహణమవడాన్ని చూపే రంగుటద్దాల కిటికీ పగటి వెలుతురుతోనే కనబడుతుంది. దాని ముందు ఒక తెర ఊహించుకోండి.

చర్చి కమిటీలు మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు, అనుకున్న ఎత్తుకు ఇటుకలు పేర్చి, పైన ఒక బల్ల, దాని మీద గిన్నె పెట్టి, మొదటి వరుసలోనూ చివరి వరుసలోనూ చాప మీద కూర్చుని చూడాలి.

– ఒక పాఠకుడు, కాజీపేట