మా దాదా కాగితాలు చదివిపెట్టిన అందరికీ షుక్రియా

పోయిన నెల మూడు పాత కాగితాల ఫొటోలు పెట్టి, "ఇది ఎవరికైనా చదవడం వస్తుందా?" అని అడిగాను. దాదీ పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున, షేర్వాణీ మడతలో దొరికాయవి. నేను ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే, అచ్చులో ఉంటే తడుముకుంటూ చదువుతాను. కానీ నిజాం జమానా గుమాస్తాలు రాసిన షికస్తా, అంటే గొలుసుకట్టు చేతిరాత, నాకు కొరుకుడుపడలేదు. చుక్కలు పెట్టరు, అక్షరం ఎక్కడ ఆగిందో తెలియదు.

ముందుగా జహీరాబాద్ ఉర్దూ సార్‌కు. రిటైరై ఇరవై ఏళ్లయింది, ఒక కంటికే చూపు సరిగా ఉంది. నాలుగు సాయంత్రాలు వీడియో కాల్‌లో భూతద్దం పట్టుకుని ఒక్కో మాటా విడదీశారు. మూడో రోజు ఒక మాట దగ్గర ఆగి, "బేటా, మీ ఇంట్లో ఏమని చెప్పేవాళ్లు?" అన్నారు. దాదాను బర్తరఫ్ చేశారని చెప్పేవాళ్లు సార్, అన్నాను. "కాదు. ముఅత్తల్ అని రాసుంది." అంటే సస్పెన్షన్. తదుపరి హుకుం వచ్చేదాకా డ్యూటీకి రావద్దని.

ఆ హుకుం రాలేదు. దాదా ఏటా ఎండాకాలంలో షేర్వాణీ తీసి దండెం మీద ఎండేయించేవాడని, ఎందుకని అడిగితే విసుక్కునేవాడని దాదీ నవ్వుతూ చెప్పేది. మేమూ నవ్వేవాళ్లం.

తార్నాకలోని ఆర్కైవ్స్‌లో రెండు రోజులు నా కోసం కూర్చున్న రీసెర్చ్ చెల్లెకు. దాదా ఫైలు దొరకలేదు. దొరకనందుకు తనే సారీ చెప్పింది, అది ఇంకా బాధ. కానీ మా ఇంట్లో ఏళ్లుగా నలుగుతున్న తికమక తీర్చింది. కాగితం మీద 1358 అని ఉంది. అది హిజ్రీ అనుకుని లెక్కేస్తే 1939 వచ్చేది. నిజాం రాజ్యం నిక్షేపంగా ఉన్న రోజుల్లో దాదాను ఎవరు ఆపేశారు? "అన్నా, అది ఫస్లీ, నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం. 590 కలపండి" అంది. 1948. పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగడం, అయిన కొద్దివారాలకే.

అప్పుడు దాదా బీదర్ జిల్లాలో గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. మా ఊరు నారాయణఖేడ్ వైపు, 1956 దాకా అదంతా బీదర్ జిల్లాయే. సెప్టెంబర్ 13న సైన్యం దిగింది, 17న నిజాం లొంగిపోయాడు, జనరల్ చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. ఇది అందరూ చదువుకున్నదే. ముస్లింల మీద దాడులు జరిగిన ఆ తర్వాతి వారాల సంగతి మాత్రం మా ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునేది. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగి చూశారు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో మాది ఒకటి: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు బయటికి రాలేదు. హిందూ సాలెవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని మరీ ముస్లిం సాలెవాళ్లను కాపాడారన్న మాట కూడా అందులోనే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు.

"రజాకార్ మనవడివా?" అని రాసిన తమ్ముడికి కూడా థాంక్స్. వెటకారం కాదు. దాదా రజాకార్ కాదు, సర్కారు నౌకరు. కానీ సర్కారు నౌకరు చేతులు శుభ్రంగా ఉన్నాయని ఎలా చెప్పను? నువ్వు అడిగాకే, ఎవరూ చదవకుండా వదిలేసిన మూడో కాగితాన్ని మళ్లీ సార్ ముందు పెట్టాను. అది లెవీ రసీదు, సర్కారు రైతుల దగ్గర తప్పనిసరిగా తీసుకునే ధాన్యానికి ఇచ్చేది. ఒక రైతు ఇంటినుంచి ఇన్ని పల్లాల జొన్నలు తీసుకున్నామని, కింద దాదా దస్తఖత్.

ఆ రైతు పేరు పోస్టులో చూసి ఫోన్ చేసిన అన్నకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియట్లేదు. లింగాయత్ కుటుంబం, ఇప్పటికీ అదే ఊరు. "మీ దాదాను మా తాత పాతరల దాచిండు, తెల్వదా?" అన్నాడు. దాక్కున్నాడని తెలుసు, ఎక్కడో ఎవరూ చెప్పలేదు.

పోయిన ఆదివారం వెళ్లాను. పాతర అంటే జొన్నలు దాచే నేలగొయ్యి. దొడ్డిలో వేపచెట్టు పక్కన దాని నోరు ఉండేదట. ఇప్పుడు పూడ్చేసి బోరు మోటారు దిమ్మె కట్టారు. మనిషి దిగాలంటే ముందు తాడుకు కందిలి కట్టి కిందికి వదిలేవాళ్లు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డది, ఆగాలి. ఆ రాత్రి బజార్లో కేకలు దగ్గరికొస్తుంటే, వాళ్ల తాత తాడు పట్టుకుని దీపం నిలుస్తుందా లేదా అని చూస్తూ నిలబడ్డాడట. నిలిచింది. దాదా తొమ్మిది రోజులు అందులోనే. వాళ్ల అవ్వ రోజూ చీకటిపడ్డాక రొట్టె, మిరం గుడ్డలో కట్టి దించేది.

"పాతర అప్పుడు ఖాళీగ ఎందుకుందనుకున్నవ్?" అన్నాడు అన్న. నా జేబులో ఉన్న రసీదు చూపించాను. చదవలేడు, అయినా చాలాసేపు పట్టుకున్నాడు. "మా తాత ఒక్కటే అనేటోడంట. జొన్నలు గుంజుకపోయినోడే గని, రసీదు ఇచ్చి గుంజుకపోయిండు, లెక్కల మోసం జేయలే అని." ఇంకో ఊళ్లో అయితే ఆ మాత్రం లెక్కకు ఎవరూ ఆగేవాళ్లు కాదేమో.

నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో జైలునుంచి విడుదలై అదే దారి పట్టాడు. నాకు వాళ్లమీద కోపం ఎప్పటికీ పోదు. వాళ్లు పెట్టిన మంటకు కాలింది మా ఊళ్లలోని చప్రాసీలు, దర్జీలు, సాలెవాళ్లు, దాదా లాంటి చిన్న నౌకర్లు. దాదా మిగిలిన జీవితమంతా తహసీల్ ఆఫీసు బయట చెట్టుకింద అర్జీలు రాసి బతికాడు. తను రాసుకున్న అర్జీ కాపీయే ఆ రెండో కాగితం. ఏ ఆఫీసుకు పంపాడో ఇక్కడ రాయను, జవాబు రాలేదన్నది ఒక్కటే సంగతి.

కాగితాలు ల్యామినేషన్ చేయించొద్దని చెప్పిన మేడమ్‌కు కూడా థాంక్స్, షాపు మెట్లమీదినుంచి వెనక్కి తిరిగాను.

లెవీ రసీదు జిరాక్స్ తీయించి నేను ఉంచుకున్నాను. అసలుది అన్నకే ఇస్తానన్నాను. వచ్చే ఆదివారం అమ్మ కూడా వస్తానంటోంది అన్నా, మోకాళ్ల నొప్పి, కారు మీ దొడ్డిదాకా వస్తుందో లేదో చూసి చెప్పు. రొట్టెలు మాత్రం జొన్నవే చేయించు.