మామ్మకు అర్థమయ్యేలా చదివితే చాలు

సంపాదకులకు నమస్కారం.

జూన్ 12న బడులు తెరిచింది మొదలు మన కోనసీమ ఊళ్ళలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు కూడా ఇంటికొచ్చి సంచీ మార్చుకుని ట్యూషన్‌కు పోతున్నారు. "మాకు ఇంగ్లీషు రాదండి, ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు లేరండి" అంటారు తల్లిదండ్రులు. నాన్న రొయ్యల చెరువు దగ్గర, అమ్మ ఊడ్పుల్లో ఉంటారు. కొన్ని ఇళ్ళలో అమ్మ గల్ఫ్‌లో ఉంటుంది. పిల్లలు మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతుంటారు. ఆవిడకు అక్షరం ముక్క రాకపోవచ్చు. అయినా ఆరేడేళ్ళ పిల్లల చదువుకు ఇంట్లో కావలసిన సాయం చాలావరకు ఆవిడ చెయ్యగలదని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు చదవడం సంగతి. పిల్లవాడు పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెప్పేస్తే చదువొచ్చేసిందని మురిసిపోతాం. చాలాసార్లు అది బడిలో పదిమందితో కలిసి పలికి నోటికి పట్టుకున్న పాఠం. పేజీ మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అని అడగండి. వాడు పాఠం మొదటినుంచి లోలోపల గొణుక్కుంటూ అక్కడికి వస్తే చదవడం ఇంకా రాలేదన్నమాట. బొమ్మ చూసి ఊహించేవాళ్ళూ ఉంటారు. 'పడవ' అని రాసి ఉన్నా బొమ్మ చూసి 'నావ' అంటారు. అలాంటప్పుడు బొమ్మ మీద అరచెయ్యి పెట్టి చదివించాలి. 'అరటి' అని ఉన్నదాన్ని ఇంట్లో అలవాటైనట్టు 'అరిటి' అని చదివితే మాత్రం ఆపకండి. అర్థం తెలిసి చదివేవాళ్ళే అలా చదువుతారు.

చదువు రాని మామ్మ చేసే సాయం వినడం. "తాత పాలకొల్లు సంతకు వెళ్ళాడు" అన్న వాక్యాన్ని పిల్ల మొదటిసారి "పా... ల... కొ... ల్లు..." అని కూడబలుక్కుంటుంది. అది ఊరి పేరని విన్నవాళ్ళకు తట్టదు. చదివిన పిల్లకూ తట్టదు. అందుకే మామ్మ "నాకు తెలీలేదమ్మా, మళ్ళీ చదువు" అనాలి. రెండోసారి రెండేసి అక్షరాలు కలుస్తాయి. మూడోసారికి మాట మొత్తం ఒక్క ఊపులో వస్తుంది, "ఓహో, పాలకొల్లా! ఎవరు వెళ్ళారు?" అని మామ్మ అడగగలుగుతుంది. విన్నావిడకు అర్థమైందంటే పిల్ల చదివినట్టే. ఇంతకంటే నికరమైన పరీక్ష ఏ ట్యూషన్‌లోనూ లేదు. రోజుకు ఆరు వరుసలు చాలు, కానీ ఆ ఆరింటినీ మూడుసార్లు చదివించాలి.

మధ్యలో ఆగిపోతే చదువొచ్చిన వాళ్ళయినా వెంటనే అందించకూడదు. మనసులో అయిదు లెక్కపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం చెప్పండి. చెప్పేవాళ్ళే లేకపోతే ఆ మాట కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టించండి. మర్నాడు బడిలో పుస్తకం తెరవగానే ఎక్కడ ఆగిందో టీచరుకు ఆ చుక్కే చెబుతుంది.

అక్షరాలన్నీ వరుసగా వచ్చాకే మాటలు నేర్పాలన్న పట్టుదల మన ఇళ్ళలో ఎక్కువ. ఋ, ౠ దగ్గర వారాలు గడిచిపోతాయి, పిల్లకు విసుగొస్తుంది. త, ల, వ, ప, డ, న, గ అన్న ఏడక్షరాలు పట్టుబడితే తల, వల, వడ, నగ, పడగ, పడవ, గడప, తలగడ చదివేయొచ్చు. అన్నీ ఇంట్లోనో కాలవ గట్టునో ఉండే మాటలే. తర్వాత దీర్ఘాలు: తడి, తాడి, మెడ, మేడ, పడు, పాడు. ఇలా జంటలుగా చెప్పి, ఏది పొట్టిదో ఏది సాగిందో ముందు చెవితో పట్టించాలి. వినడంలో తేడా తెలియని పిల్లకు దీర్ఘం ఎన్నిసార్లు దిద్దించినా నిలవదు.

ఒత్తుల దగ్గరా అంతే. పిల్లలు 'గడ్డి'ని 'గడి' అని రాసేది బద్ధకంతో కాదు. 'గడ్డి' అనేటప్పుడు నాలుక అంగిలికి అంటుకుని ఒక్క క్షణం ఆగుతుంది, 'గడి'లో ఆగదు. రెండూ మెల్లగా పలికించి "ఎక్కడ ఆగింది?" అని అడిగితే ఒత్తు ఎందుకు పెట్టాలో పిల్లకే తెలుస్తుంది. ప ఒత్తు, డ ఒత్తు లాంటివి అక్షరాన్ని పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అక్షరంతో పోలికే ఉండదు, కాబట్టి వాటిని విడిగా నేర్పాలి. పాత క్యాలెండర్ వెనక అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల అని పెద్దగా రాసి గోడకు అంటించండి. ఆరు ఒత్తులూ అందులోనే ఉన్నాయి. ఇక మ, య అక్షరాలు రెండింటికీ చివర కొమ్ములాంటి గీత ఉండటంతో తికమకపడతారు. వాటిని ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక, వారం ఆగి రెండోది మొదలుపెట్టి, పాత పేపరు శీర్షికల్లో 'మ'లకు మాత్రమే సున్నాలు చుట్టమనండి. ద, ధ తేడా పలకలేదని ఒకటో తరగతి పిల్లను కసరడం అనవసరం. అది నిదానంగా వస్తుంది.

ఇక "పదిసార్లు రాసుకురా" అనే హోంవర్కు. పిల్ల 'అమ్మ' అని పదిసార్లు ఎలా రాస్తుందో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. ముందు పైనుంచి కిందికి పది 'అ'లు వేస్తుంది. తర్వాత పది 'మ'లు. ఆఖర్న పది ఒత్తులు. పేజీ నిండింది గానీ ఒక్కసారి కూడా 'అమ్మ' అన్న మాట రాయలేదు, చదవలేదు. అడ్డంగా రాసే పిల్లలు పలక మీది మాటను వదిలి తాము రాసిన పై వరుసను చూసి రాస్తారు. మూడో వరుసలో ఒత్తు జారితే పదో వరుస దాకా జారినట్టే ఉంటుంది. ఆ తప్పును చేతికి మనమే ఎనిమిదిసార్లు నేర్పినట్టు. దానికి బదులు మాట చూపించి, పైకి చదివించి, అరచేత్తో మూసేసి రాయమనండి. చెయ్యి తీసి సరిపోయిందో లేదో పిల్లే చూసుకోవాలి. ఇలా మూడుసార్లు చాలు.

లెక్కలకు కొబ్బరి ఈనెలకు మించిన సామాను లేదు. చీపురు లోంచి యాభై పుల్లలు తీసి జానెడు పొడవున తుంచండి. పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వెయ్యండి. పిల్లలు 14ను 41 అని రాయడం మామూలే. ఇంగ్లీషులో 'ఫోర్టీన్' అన్నప్పుడు నాలుగు ముందు వినబడుతుంది, చెయ్యి నాలుగు ముందు వేసేస్తుంది. తెలుగులో 'పద్నాలుగు' అంటే పది ముందు వినబడుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లకైనా ఒక కట్ట, నాలుగు పుల్లలు ముందు పెట్టి 'పద్నాలుగు' అనిపించి, తర్వాత 'ఫోర్టీన్' అనిపించండి.

8కి 5 కలపమంటే 12 అనే పిల్లలకు కూడిక రాదనుకోవద్దు. "ఎనిమిది" అంటూనే మొదటి వేలు ముడుస్తున్నారు, అదే ఒకటి తగ్గడానికి కారణం. "ఎనిమిది జేబులో వేసుకున్నావు, ఇప్పుడు వేళ్ళు తియ్యి, తొమ్మిది, పది..." అంటే సరిపోతుంది. 32లోంచి 15 తియ్యమంటే 23 అని రాయడం మరీ ఎక్కువ. 2లోంచి 5 పోదు కాబట్టి తిరగేసి 5లోంచి 2 తీసేస్తారు. "అప్పు తెచ్చుకో" అని కేకలేస్తే అర్థం కాదు. మూడు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టి అయిదు పుల్లలు ఇమ్మనండి. పిల్ల కాసేపు తెల్లబోయి చూస్తుంది, తనంతట తానే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగుతుంది. విడి పుల్లలు పన్నెండయ్యాయి, అయిదు పోతే ఏడు. మిగిలిన రెండు కట్టల్లో ఒకటి ఇచ్చేస్తే ఒకటి. జవాబు 17. కనీసం రెండు వారాలు పుల్లలతో చేశాకే కాగితం మీద చేయించండి.

ఇంగ్లీషు గురించి ఒక్క మాట. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. తెలుగు పేజీ ముందు చదివించి విషయం మాట్లాడుకున్నాకే ఇంగ్లీషు పేజీకి వెళ్ళండి. విషయం తెలిసినప్పుడు కొత్త భాష సగం తేలికవుతుంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలి. అది విని ఫోనులో టైమరు పెట్టి తరమొద్దు. హిందీలో 'జా రహే హైఁ' అని మూడు ముక్కలుగా రాసేది మనకు 'వెళ్తున్నారు' అని ఒక్క మాట. తెలుగు మాట పొడుగు, చదవడానికి ఆ మేరకు సమయం పడుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. బడి నుంచి రాగానే కాదు, ఏదైనా తిని గంటసేపు ఆడుకున్నాక. అన్నాలయ్యాక మొదలుపెడితే ఏడుపే మిగులుతుంది. ఈ వయసు పిల్లలకు రాత్రి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. వరదలొచ్చి లంక గ్రామాల బడులు మూతపడే రోజుల్లో కూడా ఈ ఇరవై నిమిషాలు మానొద్దు. పుస్తకం, పలక ఒక పాలిథిన్ కవరులో కట్టి గూట్లో పెట్టుకోండి. పుస్తకం ముక్కు దగ్గరికి తెచ్చుకునే పిల్లను, చెప్పిన మాట ఒకటైతే మరొకటి రాసే పిల్లను కొట్టకండి, ఆసుపత్రిలో కళ్ళు, చెవులు చూపించండి.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి: ఒకటి, రెండు తరగతులకు పదేసిసార్లు రాసే హోంవర్కు మానేసి, "ఈ ఆరు వరుసలు ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించు" అని ఇవ్వండి. మర్నాడు పుస్తకంలో చుక్కలు చూడటానికి మీకు ఒక్కో పిల్లకు ఒక్క నిమిషం పడుతుంది. మీ పత్రికకూ ఒక మనవి ఉంది. వారానికొకసారి ఏదో ఒక మూల, శీర్షికల సైజు అక్షరాల్లో ఆరు వరుసలు పిల్లల కోసం వెయ్యండి. మొదటి మూడు వరుసల్లో ఒత్తులు లేకుండా చూడండి.

ఇట్లు,
ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులం కొందరం,
అమలాపురం.